మొదటి సంతకం

గ్రీమ్స్‌పేటలో, మామిడి గుజ్జు కంపెనీ గోడౌనులో
ఖాళీ డ్రమ్ములు ఒక పక్కకు దొర్లించి
ఎనభై కుర్చీలు వేసినాం.
సీజను అయిపోయి రెండు నెలలైనా
నేల ఇంకా తోతాపురి వాసనే.
చెప్పు అంటుకుని, ఊడి, మళ్లీ అంటుకుంటా ఉంది.

నా పని మినిట్స్ రాయడం.
ఎవరు ఏమన్నా, నా పెన్ను దాకా వచ్చేసరికి
'చర్చ జరిగినది' అవుతుంది.

ఛైర్మన్ గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు.
ఈ ఏడు డివిడెండ్ లేదు.
మిగిలిన పదకొండు కోట్లతో
కంపెనీయే మీ వాటాలు కొంటుంది.
బజారులో రెండొందల అరవై ఉంటే
మూడొందల పది ఇస్తుంది.
తిరుపతి నుంచి వచ్చిన ఆడిటరు కుర్రాడు
తెర మీద ఒక గీతను పైకి పాకించినాడు.
వాటాలు తగ్గితే ఉన్నవాటి విలువ పెరుగుతుందంట.

దామల్‌చెరువు చెంగల్రాయులు లేచినాడు,
ఎకరా తోట అమ్మి వాటాలు కొన్న తొలినాటి మనిషి.
"బంతిలో పక్కనోడు లేచిపోతే
నా విస్తరి పెద్దదయితాదా అబ్బయా?
వడ్డించేవాడు రావాల గానీ."
నవ్వినారు. నేను రాయలేదు.

"నాకైతే అమ్మేదే మేలు" అన్నది కట్టమంచి షంషాద్.
జాకెట్లు కుట్టిన దుడ్లతో కొన్న ముప్పై వాటాలు,
ఇరవై ఏళ్లు ముట్టుకోలేదు.
"ఏటా మీరిచ్చే నూటయాభై
ఏ పూట ఖర్చయిందో కూడా తెలీదు.
ఒక్కసారిగా చేతికొస్తే
జిగ్‌జాగ్ మిషను వస్తాది."
అదీ నిజమే కదా అనిపించింది.

బాయిలరు కాడ ముప్పై ఏళ్లు నిలబడిన మొగిలప్ప
మైకు వద్దన్నాడు.
"మా దుడ్లతో మా వాటాలే కొనేదేందయ్యా?
అమ్మేది మేమే, కొనేదీ మేమే అంటిరి,
నడమ తక్కెడ పట్టుకునింది ఎవరు?"

ఛైర్మన్ కుటుంబం అమ్మదు.
ఆ సంగతి నివేదిక తొమ్మిదో పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.
మిగతావాళ్లు అమ్మి వెళ్లిపోతే
కదలకుండా కూర్చున్నవాళ్ల వంతు
కూర్చున్న చోటనే ఊరుతుంది.
ఆ మాట ఎవరూ పైకి అనలేదు.
నేను అనుకున్నాను.
రాసేవాడు అనుకున్నదానికి
ఆ పుస్తకంలో గడి లేదు.

తర్వాత పొట్లాలు పంచినాం:
ఒక మైసూరుపాకు, గుప్పెడు కారాబూందీ,
మా గుజ్జుతోనే చేసిన జ్యూసు డబ్బా.

అప్పుడు వచ్చింది నా బల్ల దగ్గరికి ధనకోటమ్మ.
రెండొందల నలభై వాటాలు.
మొదటి పేరు ఆయనది, రెండో పేరు ఆమెది.
ప్రతి మీటింగుకూ వస్తుంది,
"ఆయనకు జరం, అందుకే నేనొచ్చినా" అంటుంది.
ఆరేళ్లుగా ఆయనకు జ్వరమే.
ఆరేళ్ల కిందట, కంపెనీ తరఫున దండ పట్టుకుని
నీవా ఏటి ఒడ్డుదాకా పోయింది నేనే.
నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

డివిడెండ్ ఏమీ అడగదు.
సెప్టెంబరులో ఒకనాడు కవరు వస్తుంది,
కవరు మీద ఆయన పేరు,
పేరుకు ముందు ఇంకా 'శ్రీ'.
పన్నెండొందలు జాయింటు ఖాతాలో పడతాయి.

ఈ ఫారం అడుగుతుంది.
మొదటి వాటాదారు సంతకం, ఇక్కడ.

ఆమె దాన్ని రెండుసార్లు తిప్పి చూసింది.
"అన్నీ అమ్మితే ఎంత వస్తాది నాయనా?"
డెబ్బై నాలుగు వేల నాలుగొందలు, అన్నాను.
"ఎక్కువే" అన్నది.
ఫారం నాలుగు మడతలు పెట్టి
తినకుండా దాచిన మైసూరుపాకు పక్కన దోపుకుంది.
"ఆయన్ని అడిగి చెప్తా."

సాయంత్రం డ్రమ్ములు మళ్లీ లోపలికి దొర్లినాయి.
పుస్తకం తెరిచినాను.
'చర్చ అనంతరం తీర్మానం ఆమోదించబడినది.'
నా నలభై వాటాల ఫారం
సొరుగులో తెల్లగానే ఉంది.
హాజరు పట్టీలో ఒక పేరు దగ్గర
పెన్ను కాసేపు ఆగింది.
తర్వాత రాసినాను, పోయినేడు లాగానే,
గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా:
'అనారోగ్యం వల్ల రాలేకపోయినారు.'